జాఫ్రాన్ తోక

భర్త ఓంకార్ ఆఫీసుకు బయల్దేరగానే నవీన చిన్నగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మస్కట్‌లో, వాదీ కబీర్‌లోని ఆ రెండు గదుల ఫ్లాట్‌లో ఒక గది మనుషులది, ఒకటి బల్లులది. గోడ వారన ఇనుప రాక్, దాని నిండా ప్లాస్టిక్ సొరుగులు, సొరుగుల కింద వెచ్చబరిచే సన్నని పట్టీ. సొరుగుకొక చిరుతబల్లి. ఇవి ఇళ్ళల్లో గోడల మీద పాకే బల్లుల్లాంటివి కావు. కాళ్ళ మీద లేచి నడుస్తాయి, కనురెప్పలు వేస్తాయి, అరచేతిలో పెట్టుకుంటే వెచ్చదనానికి కళ్ళు మూసుకుంటాయి. ఇదంతా అత్తగారికి వీడియో కాల్‌లో చెప్పి చూసింది. "బల్లి మీదవడితే మేం తానం జేస్తం. నువ్వు బల్లికే తానం జేపిస్తున్నవ్" అని ఆవిడ మొహం తిప్పుకుంది.

నవీన ఒక్కో సొరుగూ లాగి, పాత కాగితం తీసి కొత్త కాగితం పరిచింది. మూలనున్న చిన్న డబ్బాలో తడి కొబ్బరిపొట్టు ఆరిపోయిందేమో వేలితో చూసి నీళ్ళు చిలకరించింది. పిండిపురుగుల్ని కాల్షియం పొడిలో దొర్లించి గిన్నెల్లో వేసింది. ప్రతిదాన్నీ బయటికి తీసి ముందు తోక చూసింది. చిరుతబల్లికి తోకే గాదె. తిన్నదంతా కొవ్వుగా మార్చి అందులోనే దాచుకుంటుంది. తోక బొద్దుగా ఉందంటే బల్లి బాగున్నట్టు. సన్నబడిందంటే భయపడాల్సిందే. పేగులకు పట్టే జబ్బొకటి ఉంది. అది పడితే తిన్నది ఒంటబట్టదు, తోక పుల్లలా అవుతుంది. మందు లేదు. ఒక సొరుగు నుంచి ఇంకో సొరుగుకు మనిషి చేతుల మీదుగానే పాకుతుంది. మస్కట్ చుట్టుపక్కల బల్లులు పెంచే నాలుగిళ్ళ వాళ్ళూ ఆ జబ్బు పేరు ఎత్తరు. తోక అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది.

రాక్ పై వరసలో ఒక సొరుగు ఖాళీగా ఉంది. అందులోకి దేన్ని తేవాలన్నదే కొన్ని వారాలుగా ఆమె బుర్ర తింటున్న ప్రశ్న. మచ్చల్లేని పసుపు ఆడదాన్ని తెస్తే గుడ్లు పెరుగుతాయి. తెల్లదైతే చూడముచ్చటగా ఉంటుంది గానీ వెలుతురు తట్టుకోలేదు. నిజానికి కావాల్సింది మగది. ఉన్న ఒక్క మగది రాజా ముసలిదవుతోంది. పైగా రాక్‌లో సగం దాని పిల్లలే, వాటితో దాన్ని కలపకూడదు. సమాయిల్ ఊళ్ళో బల్లులు పెంచే అజహర్ దగ్గర ఒక మగది ఉంది. ఎర్రగా కాలిన నిప్పు రంగు. ఆయన ఏళ్ళ తరబడి జతలు కలిపి తెచ్చుకున్న రంగు అది. ఒక్కదాన్నే బయటికి ఇస్తానన్నాడు, అదీ మనిషిని చూసి. ఆ ఫోటో చూసినప్పటి నుంచి నవీనకు పసుపు ఆడది, తెల్లది అన్నీ వెలిసిపోయినట్టు అనిపిస్తున్నాయి.

"అక్కా, తలుపు తీసే ఉంది. వచ్చేదా?"

కింది అంతస్తు షైస్తా. కడప అమ్మాయి. భర్త జావెద్ ఆ వీధిలోనే కార్ల వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. చేతిలో మూతకు చిల్లులు పెట్టిన డబ్బా ఉంది.

"దీన్ని చూపిద్దామని తెచ్చినా. కుబుసం విడిచింది పొద్దున. ఇప్పుడు చూడు రంగు."

డబ్బా మూత తీసి ఆడబల్లిని అరచేతి మీదికి ఎక్కించుకుంది. జాఫ్రాన్. పేరుకు తగ్గట్టే తల నుంచి తోక మొదలు దాకా కుంకుమపువ్వు నానబెట్టిన పాల రంగు, మచ్చ లేదు. నవీన "బాగుంది" అంది. అనకపోతే బాగుండదని అంది.

ఈ షైస్తాకు బల్లిని చేత్తో పట్టడం నేర్పింది నవీనే. మొదటి ఆడదాన్ని ఇచ్చిందీ తనే. ఏకు మేకైందంటే ఇదే మరి. ఇప్పుడు ఎవరికి ఏ సందేహం వచ్చినా షైస్తాకే ఫోన్ చేస్తున్నారు. అదైనా ఓర్చుకునేదేమో. ఓర్చుకోలేనిది జాఫ్రాన్ విషయం. దాని తండ్రి తన రాజాయే. రాజాను ఈ అక్క ఆ చెల్లెలికి పాలుకు ఇచ్చింది. జగిత్యాల దగ్గర నవీన పుట్టింట్లో మేకపోతును అట్లాగే ఇచ్చేవాళ్ళు. పోతు గలవాళ్ళు పుట్టిన పిల్లల్లోంచి ముందుగా ఒకదాన్ని ఏరుకుంటారు, మిగతావి మేక గలవాళ్ళవి. బల్లులకూ అదే పద్ధతి పెట్టింది నవీన. గుడ్లు పగిలిన వారానికే కిందికి వెళ్ళి, ఇంట్లో మేకపిల్లను ఏరుకున్నట్టే, మెరిసే చారలున్న చురుకైన పిల్లను ఎత్తుకుని వచ్చింది. అక్కడే దెబ్బతింది. మేకపిల్ల ఏ రంగులో పుడితే ఆ రంగులోనే పెరుగుతుంది. బల్లిపిల్ల అట్లా కాదు. నెలలు గడిచేకొద్దీ తను తెచ్చినది బురద రంగుకు తిరిగింది. వెలవెలబోతూ మూలన కూర్చుంటే చేతిలోకి తీసుకుని మళ్ళీ దింపేసిన పిల్ల జాఫ్రాన్ అయింది.

"అక్కా, ఒక మాట అనుకుంటాండా" అంది షైస్తా. "అజహర్ భాయ్ దగ్గరున్న మగదాన్ని ఇద్దరం కలిసి తెచ్చుకుందాం. నీ దగ్గరే ఉండనీ. జాఫ్రాన్‌తో కలుపుదాం. మొదటి పాలు నీదే మళ్ళీ."

మళ్ళీ అన్న మాట నవీనకు చురుక్కుమంది. ఆ పిల్ల మనసులో ఎత్తిపొడుపు ఏమీ లేదని తెలుసు. తెలిసినా మంట చల్లారలేదు.

"జూద్దాం తియ్" అంది. "శుక్రారం పోతున్నం గద, ఆయననే అడుగుదాం."

"శుక్రవారం నేను రాలేనక్కా. జావెద్ వాళ్ళ పెద్దమ్మ, జైనబీ వస్తాంది సలాలా నుంచి. వంట నాదే. నా తరఫున నువ్వే మాట్లాడు. నువ్వు ఎట్లా అంటే అట్లా."

జాఫ్రాన్ నవీన వేలి వైపు తల చాచి నాలుకతో ఒకసారి తాకింది. నవీన చెయ్యి వెనక్కి తీసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజులయ్యాక ఓంకార్ కారు తీశాడు. కొండల మధ్య రోడ్డు మీద సమాయిల్ దాకా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. "ఇంకొక బల్లా? మనం పిల్లలకు పేర్లు వెట్టే వయసుల నువ్వు బల్లులకు వెడుతున్నవ్" అన్నాడు. నవీన కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆమె మనసంతా ఒకే లెక్క: మగది తన రాక్‌లోకి రావాలి, దాని మీద షైస్తాకు ఏ పాలూ ఉండకూడదు.

అజహర్ ఖర్జూరం ప్యాకింగ్ షెడ్‌లో సూపర్‌వైజర్. పాతబస్తీ మనిషి, నెరిసిన గడ్డం. షెడ్ వెనక తన గది పక్కనే ఇంకో గదిని బల్లుల కోసం పెట్టుకున్నాడు. లోపలికి వెళ్ళేముందు చెప్పులు విడిపించి, ఇద్దరి చేతా మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడిగించాడు.

"ఏమనుకోకుండ్రి. ఒకసారి నా దగ్గర అన్నీ పోయినయ్. తోక" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

గదిలో ఏసీ మెల్లగా ఆడుతోంది. ఖర్జూరపు తీపి వాసన గోడల్లోంచి వస్తోంది. అజహర్ ఒక సొరుగు లాగి రెండు చేతులతో మగదాన్ని ఎత్తి నవీన అరచేతుల్లో పెట్టాడు. ఫోటోలో కన్నా ఎర్రగా ఉంది. బరువుగా, నిబ్బరంగా ఉంది. మెడ తిప్పి ఆమె మొహంలోకి చూసింది. ఇంత కావాలనిపించిన వస్తువు ఆమెకు ఈ మధ్యకాలంలో ఇంకోటి లేదు.

"బెహన్, మీకు ఒక మాట చెప్తా" అన్నాడు అజహర్. "నా దిల్ షైస్తా బెహన్ దిక్కు ఉన్నది. ఆమె జాఫ్రాన్ ఉంది చూడుండ్రి, దానికీ దీనికీ జోడీ కలిస్తే ఆ పిల్లలు ఎట్లుంటయో. నేను కూడా చూడాల్నని ఉంది. మీరు ఆమెకు పెద్ద దిక్కు, అందుకే అడుగుతున్న. ఇయ్యాల్నా?"

అడిగింది మంచి మనిషి. అడిగిన తీరూ మంచిదే. నవీన చేతుల్లో మగది వేళ్ళు విప్పుకుని ఆమె మణికట్టును పట్టుకుంది. ఇది కింది అంతస్తుకు వెళ్తుంది. జాఫ్రాన్ గుడ్లు పెడుతుంది, అవి పగులుతాయి, రంగులు వస్తాయి, అందరూ మెట్లెక్కి తన తలుపు దాకా కూడా రాకుండా కిందే ఆగిపోతారు. ఆ షైస్తా అందరితోనూ "అంతా అక్క దయే" అంటుంది. ఆ మాటే అన్నిటికన్నా భరించరానిది.

"ఇయ్యుండ్రి, మంచిదే" అంది నవీన. అక్కడ ఆగితే సరిపోయేది. "గని... మొన్న తెచ్చి చూపించింది. జాఫ్రాన్ తోక జర సన్నవడ్డట్టు కొట్టింది నాకు. నా కండ్లకే అట్ల అనిపించిందో ఏమో."

అజహర్ ముందుకు వచ్చి ఆమె చేతుల్లోంచి మగదాన్ని తీసుకున్నాడు. సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు.

"తింటున్నదా?"

"ఏమో, నేనడగలే."

"విరోచనం?"

"అది గూడ తెల్వది."

ఆయన గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. నవీన లోలోపల ఊపిరి పీల్చుకుంది. పని అయింది. ఇంత తేలిగ్గా అవుతుందనుకోలేదు. ఇప్పుడు అడగాలి, మరి నాకిస్తారా అని. నోరు తెరవబోతుండగా అజహరే అన్నాడు:

"మీ రాజా ఈ సీజన్ల కూడా ఆమె ఇంట్లనే ఉండె కద?"

ఈ సీజన్‌లో కూడా నవీన రాజాను పాలుకు ఇచ్చింది. అది పోయిన నెలే తిరిగొచ్చింది.

"ఉండె... కొన్నాళ్ళు."

"వచ్చి మీ రాక్‌లనే ఉన్నది."

"ఆఁ."

అజహర్ తలుపు తీసి, బయటి కుళాయి దగ్గర సబ్బు చూపించాడు. "ఇంకోసారి కడుక్కోండి బెహన్. మాఫ్ చెయ్యండి. ఇప్పుడు నేను ఇద్దరికీ ఇయ్యలేను. ఆమె దగ్గర పిల్లలను తీసుకున్నోళ్ళకు కూడా చెప్పాలె నేను. మీ పేరు చెప్ప, ఫికర్ చెయ్యకుండ్రి." తను కూడా ఆమె పక్కనే నిలబడి మోచేతుల దాకా రుద్దుకున్నాడు.

తిరుగు దారిలో ఓంకార్ అడిగాడు. "తోక సన్నవడ్డదా? మొన్న మెట్ల కాడ షైస్తా నాకు గూడ చూపించింది. మిర్చిబజ్జంత ఉండె."

"నీకేం తెలుసు బల్లుల సంగతి."

"నాకు తెల్వది. మిర్చిబజ్జీ సంగతి తెలుసు" అన్నాడతను. నవీన నవ్వలేదు. అతను రేడియో పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వచ్చిన నవీనకు కింద నుంచి బ్లీచింగ్ వాసన కొట్టింది. వంగి చూసింది. కింది బాల్కనీలో షైస్తా సొరుగులన్నీ బయటపెట్టి కడుగుతోంది. పెద్ద గిన్నెలో మరుగుతున్న నీళ్ళు తెచ్చి ఒక్కోదాంట్లో పోస్తోంది, ఆవిరిలో మొహం పక్కకు తిప్పుకుంటోంది, తోమి బోర్లిస్తోంది. పక్కన నల్ల సంచీలో కొబ్బరిపొట్టు, డబ్బాలు, కాగితాలు అన్నీ పారేయడానికి కట్టిపెట్టి ఉన్నాయి. ఇంటికొచ్చిన చుట్టం గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. షైస్తా తలెత్తకుండానే జవాబు చెబుతోంది.

నవీనకు ముందు కలిగింది సంతోషమే. ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ చేతులు అట్లా ఎర్రబడుతుంటే, ఆ పిల్ల మురిసిపోయిన రోజులకు ఇది చెల్లు అనిపించింది. తడి బట్ట రెండు చేతులా పిండుతూ కాసేపు చూసింది. తర్వాత షైస్తా ఒక సొరుగు అంచును పళ్ళు తోమే బ్రష్షుతో రుద్దడం కనిపించింది. ఆ పద్ధతి నేర్పింది తనే, బ్రష్షు అయితే మూలల్లోకి వెళ్తుందని. బట్ట తీగ మీద వేసి లోపలికి వచ్చేసింది. ఆ పూటంతా చిన్నగదిలోకి వెళ్ళలేదు.

ఆదివారం మూడు దాటాక తలుపు చప్పుడైంది. షైస్తా. ముక్కు ఎర్రగా ఉంది, వేళ్ళ చర్మం లేస్తోంది. చేతిలో అదే చిల్లుల డబ్బా. ఈసారి గడప దాటలేదు.

"నేను లోపలికి రానక్కా. నీ వాటికి అంటుతుందేమో. నువ్వే బయటికి రా ఒక్క నిమిషం."

నవీన మెట్ల దగ్గరికి వచ్చింది.

"అజహర్ భాయ్ ఫోన్ చేసినాడు. ఎవరో చూసి చెప్పినారంట, జాఫ్రాన్ తోక సన్నబడిందని. పేరు చెప్పలా. నాకైతే ఏం తేడా తెలీడంలేదు. రోజూ చూసే కళ్ళకు కనపడదంట గదా. నా దగ్గర బల్లిపిల్లల్ని తీసుకున్నోళ్ళందరికీ నేనే ఫోన్ చేసి వాటిని వేరుగా పెట్టమన్నా. ఒకాయన తిట్టినాడు." గొంతు సవరించుకుంది. "పరీక్షకు పంపితే వారాలు పడుతుందంట. దాని గదిలోనే చిన్నపిల్లలు ఉండాయి. ఆ జబ్బయితే ఆగకూడదు అన్నాడు భాయ్. సాయంత్రం డాక్టర్ దగ్గర టైం తీసుకున్నా. సూది వేసి నిద్రపుచ్చుతారంట. పోయే ముందు నువ్వు చూడు. నువ్వు సన్నబడిందంటే తీసుకుపోతా. లేదంటే ఉంచుకుంటా. నీ మాటే, అక్కా."

మూత తీసి జాఫ్రాన్‌ను నవీన చేతిలో పెట్టింది.

నవీన దాని తోకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసింది. గట్టిగా, బొద్దుగా, మడతలు మడతలుగా నిండుగా ఉంది. ఓంకార్ చెప్పింది నిజమే. మెట్ల కిటికీలోంచి పడిన వెలుతురులో దాని వీపు పాల మీద మీగడలా మెరుస్తోంది. ఇప్పుడు తల ఒకసారి ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. సాయంత్రానికి ఇది ఉండదు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన ఆమెకు వచ్చిన మాట నిజం.

"ఏం సన్నవడలే" అంది. "మంచిగుంది. తీస్కపో ఇంటికి."

షైస్తా ఆమె మొహంలోకి చూసింది. "మరి ఎవరు చూసినారో."

"నేనే చెప్పిన."

షైస్తా మెల్లగా తలాడించింది. కోపం రాలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి.

"అనుకున్నా. దీన్ని అంత దగ్గరగా చూసింది ఇంకెవరుండారు? నా మొహం మీద చెప్పలేక ఆయనకు చెప్పినావు. ఇప్పుడు నేను ఏడుస్తానని బాగుందంటాండావు." చెయ్యి చాపింది. "ఇవ్వక్కా. ఆలస్యమవుతాంది."

నవీనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక జాఫ్రాన్‌ను గుండెకు దగ్గరగా పట్టుకుని వెనక్కి జరిగింది. ఈ పిల్ల తనను ఎంత నమ్ముతోందంటే, తన అబద్ధాన్నే నిజమనుకుంటోంది, నిజాన్ని జాలి అనుకుంటోంది.

"అబద్ధం జెప్పిన, షైస్తా."

"తెలుసక్కా. నా కోసమేగా."

"ఇప్పుడు గాదు. అప్పుడు, అజహర్‌కు." నవీన బల్లి మీంచి చెయ్యి తియ్యలేదు. "ఆయన మగదాన్ని నీకే ఇస్తనన్నడు. అది నీ ఇంటికి వస్తే నేను చూడలేకపోతుండె. ఏరుకునేనాడు ఇది నా చేతులనే ఉండె. ఇడిసిపెట్టి ఇంకోదాన్ని తెచ్చుకున్న. అప్పటిసంది కుళ్ళు నాకు. నువ్వు తెచ్చి చూపించినప్పుడల్ల కుళ్ళు. ఆ కుళ్ళుతోనే చెప్పిన. దీని తోకకు ఏం కాలే. ఏం కాలే దీనికి."

కింద వర్క్‌షాప్‌లో ఎవరో రేకు కొడుతున్నారు. షైస్తా ముందుకు వచ్చి, నవీన చేతుల్లోంచి బల్లిని తీసుకుని డబ్బాలో పెట్టి, మూత నాలుగు వైపులా నొక్కింది.

"ఆయనకు ఫోన్ చెయ్యండి" అంది. "నా ముందర. స్పీకర్ పెట్టండి."

చెయ్యండి అంది. అక్క అనలేదు. నవీన లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చి కలిపింది.

"అజహర్ భాయ్, నేను నవీనను. షైస్తా ఈడనే ఉంది. జాఫ్రాన్ తోక గురించి నేను చెప్పింది అబద్ధం. తోక మంచిగుంది. నాకు మగది కావాల్నని అట్ల జెప్పిన."

అవతల డబ్బాలు పేర్చుతున్న చప్పుడు.

"సమజైంది బెహన్" అన్నాడు అజహర్. గొంతు మెత్తగా ఉంది. "ఆమె ఏడుస్తుంటే మీరు చూడలేకపోతున్నరు. మంచి దిల్ మీది. కాని దోస్తు పెంచే జానవర్ మీద ఎవరన్న ఊకెనే అట్ల చెప్తరా? మీరు మొదట చెప్పిందే సచ్చీ బాత్. షైస్తా బెహన్, మీరు వింటున్నరా? హిమ్మత్ పెట్టుకోండి. ఈమె మీద కోపం పెట్టుకోకుండ్రి. చెప్పడానికి ఎంత కష్టమైందో."

"భాయ్, నా మాట ఇనుండ్రి..."

"నేను సోచ్ చేసిన, బెహన్. రాజాను వేరే పెట్టి చూడుండ్రి. ఎండలు పోయేదాకా దానికి ఏం కాకపోతే ఈ మగది మీకే. ఇంకెవ్వరికి ఇయ్య. సొంత దోస్తుదని కూడా చూడకుండ చెప్పిండ్రు. అసుంటోళ్ళ చేతిలనే పెట్టాలె దీన్ని. చలో, అసర్ అజా అయితుంది, నమాజుకు పోతున్న."

ఫోన్ పెట్టేశాడు.

నవీన ఫోన్ వైపే చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది ఆయన నోటితోనే వచ్చింది, షైస్తా చెవిలో పడేలా వచ్చింది. తల ఎత్తలేకపోయింది.

"జాఫ్రాన్ పిల్లల్ని ఇంక ఈ ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు" అంది షైస్తా, తనలో తను చెప్పుకుంటున్నట్టు. డబ్బాను చున్నీతో చుట్టి చంకలో పెట్టుకుంది. రెండు మెట్లు దిగి ఆగింది.

"మీకు వచ్చింది కదా. ముబారక్, నవీన గారూ."

చెప్పుల చప్పుడు కింది అంతస్తు దాకా వినిపించింది. తలుపు పడింది. నవీన మళ్ళీ అజహర్‌కు ఫోన్ కలిపింది. మోగుతూనే ఉంది. ఆయన ఎత్తితే ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. నమ్మేటట్టు ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.